పరిగెత్తే నవలని ఆపి ఆపి చదవకండి

ప్రశ్న: నమస్కారం అండీ. నాకు ముప్పై రెండేళ్లు. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఇంటర్ దాకా లైబ్రరీలో దొరికిన పుస్తకమల్లా చదివేదాన్ని. పెళ్లి, పాప, ఉద్యోగం... ఆ అలవాటు పోయింది. మొన్న సెలవులకి అమెరికా నుంచి వచ్చిన మా తమ్ముడు చార్లెస్ పోర్టిస్ రాసిన 'ట్రూ గ్రిట్' అనే వెస్టర్న్ నవల ఇచ్చి వెళ్లాడు. పాప పడుకున్నాక మొదలుపెట్టి ఒక్క రాత్రిలో యాభై పేజీలు చదివేశాను. అలా చదివి ఎన్నేళ్లయిందో! మర్నాటి నుంచి సరిగ్గా చదువుదామని ఫోన్‌లో డిక్షనరీ పెట్టుకుని తెలియని ప్రతి మాటా వెతకడం మొదలుపెట్టాను. అంతే, బండి ఆగిపోయింది. షెరిఫ్ వేరు, మార్షల్ వేరా? ఇండియన్ టెరిటరీ అంటే ఏమిటి? అన్నీ సందేహాలే. రిటైర్డ్ లెక్చరరైన మా పెదమామయ్యగారు పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, "తుపాకుల కథలేంటమ్మా, చదివితే మంచి సాహిత్యం చదువు" అన్నారు. ఇలాంటి కౌబాయ్ కథల్లో అక్కడి ఆదివాసులని దుర్మార్గులుగా చూపిస్తారని కూడా విన్నాను. అది గుర్తొస్తే, ఇంత ఇష్టంగా చదవడం తప్పేమో అనిపిస్తోంది. ఈ నవలని హాయిగా ఎలా చదవాలి? ఇది అయ్యాక ఏం చదవొచ్చు?
(ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: అమ్మా, మీరు సరిగ్గా చదివింది ఆ మొదటి రాత్రే. మర్నాటి నుంచి పరీక్షకి కూర్చున్నట్టు కూర్చున్నారు. ఏళ్ల తరవాత ఒక పుస్తకం మిమ్మల్ని అర్ధరాత్రి దాకా మేలుకునేలా చేసిందంటే అది చేయాల్సిన పని చేసేసింది. మీరు దానికి అడ్డం రాకుండా ఉంటే చాలు.

మీ సందేహాలు న్యాయమైనవే, ఒక్కోటీ చెప్తాను. అంతకంటే ముందు ఈ రాత్రికి చేయాల్సింది చెప్పేస్తాను. ఆగిన చోటు నుంచి ఓ పది పేజీలు వెనక్కి వెళ్లి మళ్లీ అందుకోండి. ఫోన్ పక్క గదిలో పెట్టేయండి. చేతిలో ఒక పెన్సిల్ ఉంచుకోండి. తెలియని మాట తగిలితే పక్కన చిన్న చుక్క పెట్టి ముందుకి వెళ్లిపోండి. ఆ పూటకి చదవడం అయ్యాక, ఆ చుక్కల్లో ఇంకా మనసులో మెదులుతున్నవాటిని మాత్రం వెతుక్కోండి. చాలావాటికి అప్పటికే అవసరం తీరిపోయి ఉంటుంది.

ఉదాహరణకి, ఈ నవల్లో 'కార్న్ డాడ్జర్' అనే తిండి వస్తుంది. డిక్షనరీ తెరిస్తే ఒక నిర్వచనం దొరుకుతుంది, మీ చదువు తెగుతుంది. తెరవకుండా వెళ్లారనుకోండి, హంతకుడి వేటకి వెళ్లే రూస్టర్ అనే అధికారి వాటిని సంచినిండా వేసుకుని ప్రయాణానికి బయల్దేరతాడు. దారిలో అదే భోజనం. అంటే నిలవుండే తిండన్నమాట. ఇంకొంత దూరం పోయాక, తప్పతాగి ఉన్న రూస్టర్ వాటిని గాల్లోకి విసిరి తుపాకీతో కొడతాడు, మిగతావాళ్లు పోటీకి దిగుతారు. అవి ఎంత ఉంటాయో, ఎంత గట్టివో, ఆ మనిషి మత్తులో ఎంత దండగ చేయగలడో మీకు ఒకేసారి తెలిసిపోతుంది. మొక్కజొన్న పిండి ముద్దలని తరవాత తెలుసుకున్నా నష్టం లేదు. గుర్రాల రంగులు, జీను భాగాలు, కోటు రకాలు కూడా ఇంతే. రచయిత వాటిని వాడకంలో పెట్టి చూపిస్తాడు. చిన్నప్పుడు మనం పుస్తకాలు చదివింది ఇలాగే కదా. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్స్ చదివిన పిల్లలెవరూ ప్రతి ఆయుధం పేరుకీ అర్థం అడగలేదు. వచ్చే నెల సంచిక ఎప్పుడొస్తుందని మాత్రం అడిగారు.

ఒక్క విషయంలో మాత్రం ముందే కొంచెం తెలుసుకుని ఉండటం మంచిది. అది ఆ ప్రాంతపు చట్టం. కథ మొత్తం దాని మీదే నడుస్తుంది. మీరు ఆగిపోవడానికి అసలు కారణం మాటలు కాదేమో, ఇదేనేమో అని నా అనుమానం.

పటం ఒకటి మనసులో గీసుకోండి. ఆర్కన్సా రాష్ట్రం పడమటి అంచున, ఆర్కన్సా నది ఒడ్డున ఫోర్ట్ స్మిత్ అనే ఊరు. కథ చెప్పే పిల్ల మ్యాటీ రాస్ సొంతూరు డార్డనెల్ దగ్గర, యెల్ కౌంటీలో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అక్కడి నుంచి ఫోర్ట్ స్మిత్ నూరు కిలోమీటర్లకి పైనే. గుర్రాలు కొనడానికి ఫోర్ట్ స్మిత్ వెళ్లిన ఆమె తండ్రిని టామ్ చేనీ అనే పనివాడు కాల్చి చంపి, డబ్బూ గుర్రమూ తీసుకుని పారిపోయాడు. ఎటు? పడమటికి, సరిహద్దు దాటి. ఆ సరిహద్దు అవతల ఏ రాష్ట్రమూ లేదు. అదే ఇండియన్ టెరిటరీ.

1830ల్లో అమెరికా ప్రభుత్వం చోక్టా, చెరకీ, క్రీక్, చికసా, సెమినోల్ అనే ఆదివాసీ జాతుల్ని తూర్పున ఉన్న సొంత భూముల నుంచి వెళ్లగొట్టి ఈ ప్రాంతానికి తోలింది. ముందుగా 1831లో చోక్టాలు కదిలారు. 1838లో బయల్దేరిన చెరకీల్లో ఆ తరలింపు వల్ల సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. అలా వచ్చినవాళ్లు ఇక్కడ మళ్లీ ఊళ్లు కట్టుకున్నారు, సొంత ప్రభుత్వాలు, పోలీసులు, కోర్టులు పెట్టుకున్నారు. కానీ ఆ కోర్టులకి తమ జాతి మనుషుల మీదే అధికారం. బయటి నుంచి వచ్చిన తెల్లవాడు హత్య చేసినా వాళ్లు అతన్ని విచారించడానికి లేదు. పక్కనున్న ఆర్కన్సా షెరిఫ్‌కి సరిహద్దు దాటే అధికారం లేదు. కాబట్టి అమెరికాలో తప్పు చేసి పారిపోయేవాళ్లకి అంతకంటే మంచి దాగుడుచోటు దొరకలేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి జవాబు సులువు. షెరిఫ్ అంటే ఒక కౌంటీలో జనం ఓట్లేసి ఎన్నుకునే అధికారి. ఆయన అధికారం ఆ కౌంటీ గట్టు దాకానే. యూఎస్ మార్షల్ కేంద్ర ప్రభుత్వం తరఫు మనిషి, ఫెడరల్ కోర్టు వారెంట్లు అమలు చేసేవాడు. ఆయన కింద తిరిగేవాళ్లు డిప్యూటీ మార్షల్స్. ఇండియన్ టెరిటరీలోకి వెళ్లి తెల్లవాడిని పట్టుకురాగలిగింది వాళ్లే. చేనీని పట్టుకోవడానికి మ్యాటీ డబ్బిచ్చి కుదుర్చుకున్న రూస్టర్ కాగ్‌బర్న్ అలాంటి డిప్యూటీ. ఇక లబీఫ్ టెక్సస్ రేంజర్, అంటే టెక్సస్ రాష్ట్రం మనిషి. అతనికీ చేనీయే కావాలి, కానీ టెక్సస్‌లో చేసిన వేరే హత్య కోసం కావాలి, అక్కడికి తీసుకెళ్తే వచ్చే బహుమతి కోసం కావాలి. మ్యాటీకి మాత్రం అతన్ని ఫోర్ట్ స్మిత్‌లో, తన తండ్రిని చంపినందుకే ఉరి తీయాలి. ఎవరినో చంపినందుకు ఎక్కడో ఉరితీస్తే ఆమెకి సరిపోదు. ముగ్గురూ ఒకే మనిషి వెంట పడుతూ దారి పొడవునా ఎందుకు పోట్లాడుకుంటారో దీన్ని బట్టి అర్థమవుతుంది. ఈ ఒక్క ముడి తెలిస్తే మిగతా నవల గాలిలా సాగుతుంది.

ఫోర్ట్ స్మిత్‌లోని ఆ ఫెడరల్ కోర్టు కల్పన కాదు. ఐజక్ పార్కర్ అనే జడ్జి 1875లో ఫోర్ట్ స్మిత్ వచ్చారు. ఇప్పటి మన ఆంధ్రప్రదేశ్ కంటే పెద్ద ప్రాంతం మొదట్లో ఆయన కోర్టు కిందే ఉండేది. 1896 దాకా సాగిన ఆ పదవిలో ఆయన 160 మందికి ఉరిశిక్ష వేశారు, వారిలో 79 మందిని నిజంగా ఉరి తీశారు. ఆ కోర్టు డిప్యూటీలకి నెలజీతం ఉండేది కాదు. వెళ్లిన మైళ్లకి ఇంత, అమలు చేసిన వారెంటుకి ఇంత అని లెక్క. దొంగ ప్రాణాలతో దొరక్కపోతే ఆ ఫీజూ పోయినట్టే. నవల్లో రూస్టర్ ఫీజు కాగితాలతో కుస్తీ పడేది అందుకే. మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి ఆ పేజీలు మీకు ఇంకా బాగుంటాయి.

మీకు బహుశా కృష్ణగారి 'మోసగాళ్లకు మోసగాడు' తెలిసే ఉంటుంది. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో వచ్చింది, కథ ఆరుద్రగారిది. మనలో చాలామందికి కౌబాయ్ అంటే ఆ సినిమా వేసిన బొమ్మే. టోపీ, గుర్రం, ఎడారి, ఎదురెదురుగా నిలబడి తుపాకి దూయడం. ఆ బొమ్మ మనసులో పెట్టుకుని ఈ నవల తెరిస్తే, తుపాకి ఎప్పుడు పేలుతుందా అని చూస్తూ కూర్చుంటాం. పేలని పేజీలన్నీ ఖాళీ అనిపిస్తాయి. ఈ నవలకి వేగం వేరే చోటి నుంచి వస్తుంది. ఆ చోటు మీరు చదివిన యాభై పేజీల్లోనే ఉంది. కల్నల్ స్టోన్‌హిల్‌తో మ్యాటీ చేసే బేరం.

ఆ ఘట్టం ఒకసారి వెనక్కి వెళ్లి చదవండి. తండ్రి చనిపోయే ముందు స్టోన్‌హిల్ దగ్గర పోనీ గుర్రాలు కొన్నాడు. అవి ఇక అక్కర్లేదు, వెనక్కి తీసుకోమంటుంది మ్యాటీ. అమ్మకం అయిపోయింది, కుదరదంటాడు ఆయన. అప్పుడు ఆమె రెండో లెక్క తీస్తుంది. తండ్రి ఎక్కి వచ్చిన గుర్రం ఆయన కొట్టంలో ఉండగా దొంగతనం అయింది, దానికి బాధ్యుడు ఆయనే. అది నా తప్పు కాదంటాడు. ఆమె తన లాయర్ డాగెట్ పేరు ఎత్తుతుంది. ఆయన కొంచెం దిగుతాడు. ఆమె కదలదు. ఇంకొంచెం దిగుతాడు. ఆమె గొంతు పెంచదు, కన్నీళ్లు పెట్టదు, తండ్రి పోయాడని జాలి చూపించమనదు. తన దగ్గర ఉన్న అంకె ఏదో అదే మళ్లీ చెప్తుంది, పైగా చేనీ వదిలేసిపోయిన ముసలి గుర్రాన్ని కూడా ఆయనకే అంటగట్టి ధర కడుతుంది. చివరికి మొత్తం 325 డాలర్లకి తేలుతుంది. ఖమ్మం మిర్చి మార్కెట్లో ధర తెగే వేళ పక్కన నిలబడి వింటే ఊపిరి ఎలా బిగబడుతుందో, ఆ సంభాషణ చదువుతుంటే అలాగే ఉంటుంది. అక్కడ తుపాకి లేదు, గుర్రం పరిగెత్తలేదు. అయినా పేజీ తిప్పకుండా ఉండలేం.

ఎందుకంటే అక్కడ కూర్చున్న పద్నాలుగేళ్ల పిల్లకి ఏం కావాలో మొదటి వాక్యం నుంచి తెలుసు. ఆమె దారిలో నిలబడే ప్రతివాడికీ వేరే ఏదో కావాలి. రూస్టర్‌కి డబ్బు, లబీఫ్‌కి బహుమతీ పేరూ, స్టోన్‌హిల్‌కి తలనొప్పి వదిలితే చాలు. ప్రతి మాటా ఈ రెంటి మధ్య ఒరిపిడి. సాహస నవలకి వేగం వచ్చేది ఈ ఒరిపిడి నుంచే అని నేను గట్టిగా నమ్ముతాను. తుపాకులు వచ్చేసరికి మనకి మనుషులు తెలిసి ఉంటారు కాబట్టి, ఆ తూటా ఎవరికి తగులుతుందోనన్న భయం నిజమైన భయం అవుతుంది. మనుషులు తెలియకపోతే ఎన్ని తూటాలు పేలినా శబ్దమే.

ఇంకో ఘట్టం కూడా చూపిస్తాను, ఇదీ మొదట్లోనే వస్తుంది. కోర్టులో రూస్టర్‌ని డిఫెన్స్ లాయరు ప్రశ్నిస్తాడు. ఇప్పటిదాకా ఎంతమందిని కాల్చావని అడుగుతాడు. రూస్టర్ దాటవేస్తాడు. అడిగింది అది కాదంటాడు లాయరు. చంపినవాళ్లా, కాల్చినవాళ్లా అని రూస్టర్ ఎదురు ప్రశ్న వేస్తాడు. పన్నెండో పదిహేనో అంటాడు. లాయరు వదలడు. నొక్కి నొక్కి అడిగితే లెక్క ఇరవై మూడుకి తేలుతుంది. రచయిత ఈ భాగాన్ని కోర్టు రికార్డులో ఉన్నట్టు ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబుగా రాశాడు. వర్ణన ఒక్క ముక్క లేదు. రూస్టర్ ధైర్యవంతుడా, హంతకుడా అన్న ప్రశ్న అక్కడే మన ముందు పడుతుంది, పుస్తకం అయ్యేదాకా మనతోనే ఉంటుంది. ఆ పేజీలు మాత్రం పైకి చదువుకోండి, మీకే తెలుస్తుంది.

గుర్రం లెక్క కూడా కొంత తెలిసి ఉంటే మంచిది. సినిమాల్లో గుర్రాలు పొద్దంతా దౌడు తీస్తాయి. నిజం గుర్రం పూర్తి వేగంతో రెండు మూడు కిలోమీటర్లు పోతే డస్సిపోతుంది. నడక మీద గంటకి ఆరు కిలోమీటర్ల చొప్పున పోతుంది. మనిషిని మోసుకుని రోజుకి యాభై అరవై కిలోమీటర్లు వెళ్లిందంటే గట్టి ప్రయాణమే. నీళ్లు పెట్టాలి, మేపాలి, జీను విప్పి వీపు ఆరనివ్వాలి. కాబట్టి వెంటాడటం అంటే ఎవరు ఎప్పుడు ఆగారు, ఎవరి గుర్రం ముందు అలిసింది అన్న లెక్కే. మీరు ఇంకొంచెం ముందుకెళ్తే ఒక నది వస్తుంది, మ్యాటీ తన లిటిల్ బ్లాకీ మీద ఆ నదిలోకి దిగుతుంది. పడవ ఎక్కనివ్వకుండా పెద్దవాళ్లు ఆమెని ఒడ్డునే వదిలేసి పోతారు. ఆ పిల్లా, ఆ గుర్రమూ అవతలి గట్టుకి ఎలా చేరారో చదివేటప్పుడు ఎక్కడా ఆగొద్దు. చివరి అధ్యాయానికి వచ్చేటప్పటికి ఈ కిలోమీటర్ల లెక్క మీకు గుర్తుండాలి. ఎందుకో చెప్పను.

తుపాకి గురించి రెండు మాటలు. మ్యాటీ దగ్గర ఉన్నది తండ్రి కోల్ట్ డ్రగూన్. దాదాపు రెండు కిలోల బరువు. అది తూటా తొడిగి పేల్చే రకం కాదు. ఆరు గదుల్లో ఒక్కో దానిలో మందు పోయాలి, సీసపు గుండు దట్టించాలి, వెనక చిన్న క్యాప్ తొడగాలి. తడి తగిలినా, క్యాప్ సరిగ్గా కూర్చోకపోయినా పేలదు. పేలినా, ఆరూ అయ్యాక మళ్లీ నింపుకునేంత సేపు అవతలివాడు ఆగడు. 1873లో లోహపు తూటాలతో కోల్ట్ కొత్త రివాల్వర్ వచ్చాక పని సులువైంది గానీ, మ్యాటీకి వచ్చిన ఆస్తి ఆ పాతదే. ఇక దాన్ని పద్నాలుగేళ్ల పిల్ల రెండు చేతుల్తో ఎత్తి గురి పెట్టిన పేజీ వచ్చినప్పుడు మీకు వేరే వివరణ అక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడిగిన బరువైన ప్రశ్న. మీరు విన్నది నిజమే. 1860 నుంచి చవగ్గా అచ్చేసి అమ్మిన డైమ్ నవలల దగ్గర నుంచి, తరవాత వచ్చిన వెస్టర్న్ కథల్లో చాలావాటిలో అక్కడి ఆదివాసులు పేరూ ముఖమూ లేని శత్రువులు. నేల ఖాళీగా పడి ఉన్నట్టు, తెల్లవాళ్లు వచ్చి బాగు చేసినట్టు రాశారు. ఇది చిన్న తప్పు కాదు. మీ మనసుకి అది గుచ్చుకోవడం మంచి పాఠకుల లక్షణం, దాన్ని అణచుకోవద్దు. 'ట్రూ గ్రిట్'లో అయితే ఆ పాత మూస లేదు. ఇందులో దొంగలు, హంతకులు దాదాపు అందరూ బయటి నుంచి ఆ నేల మీదకి వచ్చిన తెల్లవాళ్లే. కార్న్ డాడ్జర్ల పోటీలో పాల్గొనేవాళ్లలో ఒకడు చోక్టా పోలీసు అధికారి. అయినా మ్యాటీ తన కాలపు మనిషే. ఆమె మాటల్లో ఆ కాలపు చిన్నచూపులు అక్కడక్కడా వినిపిస్తాయి. రూస్టర్ గతం ఇంకా చీకటి. అమెరికా అంతర్యుద్ధ కాలంలో అతను క్వాంట్రిల్ ముఠాతో తిరిగినవాడు. 1863 ఆగస్టులో కాన్సాస్‌లోని లారెన్స్ ఊరి మీద పడి సుమారు 150 మంది మగవాళ్లనీ, మగపిల్లలనీ చంపిన ముఠా అది. ఆ విషయం మీద లబీఫ్ అతన్ని నిలదీస్తాడు. రచయిత దాన్ని కప్పిపుచ్చలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. మనం ఇష్టపడటం మొదలుపెట్టిన మనిషి చేతులకి ఏం అంటుకుని ఉందో చూపించి ఊరుకున్నాడు.

కాబట్టి ఆనందంగా చదవండి, కళ్లు తెరుచుకునే చదవండి. ఆ రెండూ ఒకే మనిషికి ఒకే రాత్రి సాధ్యమే. ఇంకో మాట. నిజమైన ఫోర్ట్ స్మిత్ కోర్టులో బాస్ రీవ్స్ అనే నల్లజాతి డిప్యూటీ మార్షల్ ఉండేవారు. 1838లో బానిసగా పుట్టి, పార్కర్ వచ్చిన కాలంలోనే ఉద్యోగంలో చేరి, మూడు దశాబ్దాల పాటు ఆ టెరిటరీలో తిరిగారు. ఆ పాత కథల్లో ఇలాంటి మనిషి కనిపించడు. నవల పూర్తయ్యాక ఆయన జీవితం గురించి చదివితే, ఆ నేల మీద నడిచినవాళ్లు ఎంత రకరకాల మనుషులో తెలుస్తుంది.

మీ పెదమామయ్యగారి మాటకి మీరు నొచ్చుకోవద్దు. ఆయన అట్ట చూసి అన్నారు. పోర్టిస్ కొరియా యుద్ధంలో మెరైన్‌గా పనిచేసి వచ్చి, పత్రికా విలేకరిగా న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ ఉండి, ఆ ఉద్యోగం వదిలేసి సొంత రాష్ట్రం ఆర్కన్సాకి తిరిగొచ్చి నవలలు రాసుకున్న మనిషి. కుర్రతనంలో అక్కడి ఒక పత్రికలో పనిచేసేటప్పుడు పల్లెల నుంచి ఆడవాళ్లు రాసి పంపే వార్తల్ని దిద్దడం ఆయన పని. ఆ ముక్కుసూటి భాష మ్యాటీ గొంతులో వినిపిస్తుంది. చర్చి గురించి, రాజకీయాల గురించి, మనుషుల తాగుడు గురించి ఆమె మధ్యమధ్యలో ఆగి తన అభిప్రాయం చెప్పేస్తుంది. కథకి అడ్డమని వాటిని దాటేయకండి. రాసింది 1968లో అయినా, 1870ల నాటి ఒక పిల్ల ముసలిదై మన ఎదురుగా కూర్చుని చెప్తోందని నమ్మించేది ఆ మాటలే. ఇది మంచి సాహిత్యం కాదంటే నేను ఒప్పుకోను. మామయ్యగారికి వాదన వద్దు. వీలైతే స్టోన్‌హిల్ బేరం ఉన్న పేజీలు ఆయన చేతిలో పెట్టండి, చాలు.

దీని మీద రెండు సినిమాలు వచ్చాయి. 1969 నాటిదానికి జాన్ వేన్‌కి ఆస్కార్ వచ్చింది. 2010లో కోయెన్ సోదరులు మళ్లీ తీశారు. రెండూ నవల పూర్తి చేశాకే చూడండి. ముందే చూస్తే రూస్టర్ ముఖం మీ సొంతం కాకుండా పోతుంది.

తరవాత ఏం చదవాలన్నది సులువు. ముందు జాక్ షేఫర్ రాసిన 'షేన్' తీసుకోండి. 1949లో వచ్చింది, చిన్న పుస్తకం, ఇదీ ఒక పిల్లవాడి కళ్లతో చూసిన కథే. అందులో ఇద్దరు మగవాళ్లు కలిసి పొలంలో ఉన్న పాత చెట్టు మొద్దుని గొడ్డళ్లతో నరికి పెకలించే అధ్యాయం ఒకటుంది. దాని మీద ఎవరూ పందెం కాయలేదు, ప్రాణాపాయమూ లేదు, అయినా గుక్క తిప్పుకోకుండా చదివిస్తుంది. ఆ తరవాత, మీ మనసులో ఉన్న ప్రశ్న కోసం జేమ్స్ వెల్చ్ నవల 'ఫూల్స్ క్రో' చదవండి. వెల్చ్ స్వయంగా బ్లాక్‌ఫీట్, గ్రోవాంట్ జాతుల మనిషి. 1870 ప్రాంతంలో మోంటానాలో బ్లాక్‌ఫీట్ ప్రజల బతుకు లోపలి నుంచి రాశారు. అది ఇంత పరుగు పెట్టదు. మొదటి ముప్పై పేజీలు ఓపిక పట్టండి, వాళ్ల పేర్లూ వాళ్ల నెలలూ అలవాటైతే మిమ్మల్ని తనే తీసుకెళ్తుంది. లారీ మెక్‌మర్ట్రీ 'లోన్సమ్ డవ్' గొప్ప పుస్తకమే, 1986లో పులిట్జర్ కూడా వచ్చింది. టెక్సస్ నుంచి మోంటానా దాకా పశువుల్ని తోలుకుపోయే కథ, ఎనిమిది వందల పేజీలకి పైనే. ఇప్పుడే వద్దు. చదివే అలవాటు కుదురుకున్నాక, పాపకి వేసవి సెలవులు ఇచ్చినప్పుడు మొదలుపెట్టండి.

రాత్రి అలిసిపోయి పుస్తకం పట్టుకోలేని రోజులు ఉంటాయి. 'ట్రూ గ్రిట్' ఆడియో పుస్తకాన్ని నవలా రచయిత్రి డోనా టార్ట్ చదివారు, చాలా బాగా చదివారు. వంట చేసుకుంటూ వినొచ్చు. అయితే మొదటిసారి మాత్రం కళ్లతోనే పూర్తి చేయండి, రెండోసారికి ఆడియో అట్టిపెట్టుకోండి. పూర్తయ్యాక మళ్లీ ఉత్తరం రాయండి. చివరి అధ్యాయం మీద మీతో మాట్లాడాలని నాకు చాలా ఉంది.